పెద్ద ఆర్డరు వచ్చిందని రాశావు

కూకట్‌పల్లి,
హైదరాబాదు

చి.సౌ. అమ్మలుకి,


నీ ఉత్తరం, దానితో పాటు ఆ సూపర్‌మార్కెట్ వాళ్ళు పంపిన కాగితాలు రెండుసార్లు చదివాను. నెలకి 20 లక్షల సరుకు, పన్నెండు నెలలు. చదవగానే ముందు కళ్ళు చెమర్చాయి. అక్క వంటింట్లో నాలుగు పచ్చడి జాడీలతో మొదలైన పని ఇంతదాకా వచ్చిందంటే అందులో నీ రెక్కల కష్టం ఎంతుందో నాకు తెలుసు. “ఇంత పెద్ద ఆర్డరు కాదనుకుంటే మళ్ళీ వస్తుందా మామయ్యా?” అని అడిగావు. రాత్రి కూర్చుని లెక్క వేశాను. అది చెప్పేముందు నా సంగతి ఒకటి చెప్పాలి. అప్పుడు నువ్వు బడికెళ్ళే పిల్లవి. అక్కకి కూడా నేను పూర్తిగా చెప్పలేదు.

బాలానగర్‌లో నా షెడ్డు నీకు లీలగా గుర్తుండే ఉంటుంది. రెండు లేత్‌లతో మొదలుపెట్టి ఎనిమిదికి పెంచాను. పంపు షాఫ్టులు, బుష్‌లు, ఫ్లాంజీలు, ఎవరేమడిగితే అది చేసి ఇచ్చేవాళ్ళం. పదిపన్నెండు పార్టీలు ఉండేవి. తర్వాత ఒక పెద్ద కంపెనీ వచ్చింది. పేరెందుకులే. మొదటి ఏడాది బిల్లు ఇచ్చిన నెలకల్లా చెక్కు వచ్చేది. నాలుగేళ్ళు తిరిగేసరికి నా షెడ్డులో వంద పీసులు తయారైతే ఎనభై వాళ్ళవే. పాత పార్టీలు వస్తే ఖాళీ లేదని పంపేసేవాణ్ణి. ఒకరోజు వాళ్ళ పర్చేజ్ ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు నాకు టీ తెప్పించి, రేటు ఎనిమిది శాతం తగ్గించమన్నాడు. మర్యాదగానే అడిగాడు. నాకు మిగిలేదే పది. కాదంటే సోమవారం నుంచి ఇరవై రెండు మందికి పని లేదు. సరేనన్నాను.

ఆ తర్వాత ముప్పై రోజుల బిల్లు అరవై రోజులైంది, అరవై నూటఇరవై అయింది. శనివారం బట్వాడా. మధ్యాహ్నం మూడు దాటినా చెక్కు సంగతి తేలేది కాదు. నేను ఫోను పక్కన కూర్చునేవాణ్ణి, పనివాళ్ళు చేతులు కడుక్కుని గోడ వారగా నిలబడేవాళ్ళు. నా వైపు చూసేవాళ్ళు కాదు, నేను సిగ్గుపడతానని. మీ అత్తయ్య గాజులు మూడుసార్లు బ్యాంకుకి వెళ్ళాయి. మూడోసారి వెళ్ళినవి తిరిగి రాలేదు. ఇదంతా జరుగుతున్నప్పుడు నా పుస్తకాల్లో లాభం కనబడుతూనే ఉంది, అది గుర్తుపెట్టుకో.

వాళ్ళు నన్ను మోసం చెయ్యలేదు. కాదనే శక్తిని నా అంతట నేనే తీసుకెళ్ళి వాళ్ళ చేతిలో పెట్టాను. ఇన్నేళ్ళ తర్వాత వ్యాపారం గురించి నాకు గట్టిగా తెలిసింది ఇదొక్కటే. ఏ నిర్ణయమైనా తీసుకునే ముందు, ఇది తీసుకున్నాక రేపు నేను ‘కాదు’ అనగలనా అని అడుగు. అనగలిగితే తప్పు జరిగినా దిద్దుకుంటావు. అనలేకపోతే ఒప్పు కూడా నీ చేతిలో ఉండదు.

ఇప్పుడు నీ లెక్క. ఇవాళ నీ అమ్మకం నెలకి 15 లక్షలు. ఈ 20 కలిస్తే 35. అంటే నూటికి యాభై ఏడు రూపాయలు ఒక్క చోటి నుంచి వస్తాయి. వాళ్ళ కాగితంలో చెల్లింపు 90 రోజులకని ఉంది. నాలుగో నెలకల్లా నీ డబ్బు 60 లక్షలు వాళ్ళ దగ్గర ఉంటుంది, ఆర్డరు నడిచినన్నాళ్ళూ అలాగే ఉంటుంది. ఆవకాయ సంగతి ఇంకోటి. ఏడాదంతా అమ్మే సరుకుకి కాయ దొరికేది రెండు నెలలు. మిరప ఇప్పుడు గుంటూరు యార్డుకి కొత్త పంట దిగుతున్నప్పుడే కొనుక్కోవాలి, లేదంటే తర్వాత కోల్డ్ స్టోరేజీ అద్దె కూడా కలిపిన ధరకి కొనాలి. ఏడాదికి 2 కోట్ల 40 లక్షల అమ్మకమంటే అందులో సగం, 1 కోటి 20 లక్షలు, మే నెల దాటేలోపు కాయకి, కారానికి, ఆవపిండికి, ఉప్పుకి పోసెయ్యాలి. వాళ్ళ దగ్గర్నుంచి మొదటి రూపాయి వచ్చేది ఎప్పుడో అక్టోబరులో.

నూటికి పది మిగులుతుందని రాశావు. ఏడాదికి 24 లక్షలు. వాళ్ళ దగ్గర ఆగే 60 లక్షల మీద పదకొండు శాతం చొప్పున 6 లక్షల 60 వేలు వడ్డీ. జాడీల్లో ఉండే సరుకు క్రమంగా తగ్గుతుంది కాబట్టి సగటున అదీ 60 లక్షలే అనుకుందాం, ఇంకో 6 లక్షల 60 వేలు. మిగిలింది 10 లక్షల 80 వేలు. ఇక నాలుగో పేజీలో చిన్న అక్షరాల్లో ఉన్న పేరా చూడు. పగిలిన సీసాలు, గడువు దాటినవి, అమ్ముడుపోనివి అన్నీ నీ ఖాతాలోకే, డెబిట్ నోట్ వేసి బిల్లులో కోసుకుంటారు. నూటికి ఐదు వెనక్కొచ్చినా 12 లక్షలు. ఏడాది చాకిరీ చేసి లక్షా ఇరవై వేలు చేతి నుంచి పెట్టుకుంటావు.

దీనికోసం అక్క ఇల్లు తాకట్టు పెడదామని రాశావు. అది మాత్రం వద్దమ్మా. అప్పు కావాలంటే తనఖా లేకుండా చిన్న పరిశ్రమలకి సీజీటీఎంఎస్ఈ గ్యారంటీ మీద బ్యాంకులు ఇస్తాయి, మేనేజరుని అది అడుగు. ఇల్లు పెట్టి చేసిన వ్యాపారంలో ఎవరు ఏ షరతు పెట్టినా తలూపాల్సి వస్తుంది.

90 రోజుల విషయంలో నీకో ఆయుధం ఉంది, వాడుకోవడం లేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం నీలాంటి చిన్న తయారీదారుకి ఎన్ని రోజులకి ఒప్పందం రాసుకున్నా 45 రోజుల్లోపు చెల్లించాలి. అసలు రాతకోతలే లేకపోతే 15 రోజుల్లో. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంకు రేటుకి మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. 2023 బడ్జెట్టులో ఇంకో మెలిక పెట్టారు: గడువులోగా నీకు ఇవ్వని డబ్బుని ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోవడానికి కొనుగోలుదారుకి వీల్లేదు, దాని మీద వాళ్ళే పన్ను కట్టుకోవాలి. 250 కోట్లు దాటిన టర్నోవరు ఉన్న కంపెనీలు ట్రెడ్స్ వేదికలో చేరాలి, అక్కడ నీ బిల్లు చూపించి గడువు కన్నా ముందే డబ్బు తీసుకోవచ్చు. నా రోజుల్లో ఇవన్నీ ఉంటే మీ అత్తయ్య గాజులు ఉండేవేమో. కానీ చట్టం చూపించి అడగాలన్నా, వాళ్ళు మొహం ముడుచుకుంటే తట్టుకునే స్థితిలో నువ్వుండాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ నంబరు ప్రతి బిల్లు మీదా వెయ్యి. ఇప్పటిదాకా వెయ్యలేదు, చూశాను.

పెద్దవాళ్ళకి ఈ బాధ లేదనుకోకు. మా బాలానగర్ ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికొచ్చిన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ మందుల కంపెనీ పెట్టారు. ఆ కంపెనీ 2006లో జర్మనీలో బీటాఫార్మ్‌ని 48 కోట్ల యూరోలు పెట్టి కొంది. కొన్నాక అక్కడి ఆరోగ్య బీమా సంస్థలు టెండర్లు పిలిచి మందులు కొనడం మొదలుపెట్టాయి, ధరలు పడిపోయాయి. పెట్టిన విలువలో పెద్ద భాగం పుస్తకాల్లోంచి కొట్టెయ్యాల్సి వచ్చింది. ధర నిర్ణయించే చెయ్యి తమది కానప్పుడు అంతటి వాళ్ళకీ అదే జరిగింది. అయినా నిలబడ్డారు, ఎందుకంటే అమెరికా ఉంది, రష్యా ఉంది, మన దేశం ఉంది. ఒక్క చోట దెబ్బ తగిలితే ఇంకో చోట కాలు మోపుకునే నేల ఉంది. ఇప్పుడు నీకు ఆ నేల నెలకి 15 లక్షలు కొనే చిన్న దుకాణాలు, ఫోన్ చేసి తెప్పించుకునే ఇళ్ళు. వాటిని ‘చిల్లర బేరం’ అని రాశావు. ఆ మాట నాకు నచ్చలేదు.

ఇంకోటి కూడా ఉంది. రాయాలా వద్దా అని ఆలోచించాను.

పోయిన మే నెలలో నీ షెడ్డుకి వచ్చాను కదా. కత్తిపీటల దగ్గర కాయ కొట్టిస్తున్నారు. ముక్కలు కలిపే ఆ పెద్దావిడ ఒక బుట్ట పక్కకి నెట్టి, ఒక ముక్క తీసి నీ చేతిలో పెట్టింది. “టెంక ముదరలేదమ్మా, ఇది మూడు నెలల్లో మెత్తబడిపోద్ది” అంది. గోరుతో నొక్కితే టెంకలోకి దిగిపోతోంది, నేనూ చూశాను. నువ్వు గడియారం వైపు చూసి, “ఈసారికి కలిపెయ్యండి, లారీ ఆగింది” అన్నావు. ఆవిడ మారు మాట్లాడలేదు. బుట్ట మళ్ళీ దగ్గరికి లాక్కుంది. ఆ తర్వాత సాయంత్రం దాకా వచ్చిన ఏ బుట్టలోనూ ఆవిడ ముక్క తీసి చూడలేదు.

నాకు మా ఫోర్‌మాన్ గుర్తొచ్చాడు. ఆ పెద్ద కంపెనీ కోసం నేను అప్పు చేసి కొత్త మిషను కొంటుంటే, “ఒక్క పార్టీని నమ్ముకుని ఇంత వద్దు సార్” అన్నాడు. అందరి ముందూ కసురుకున్నాను. తర్వాత రెండేళ్ళు నా దగ్గరే చేశాడు, మళ్ళీ ఒక్కసారి కూడా నాకు అడ్డు చెప్పలేదు. నేను దాన్ని విధేయత అనుకున్నాను. యజమానికి కాదని చెప్పే మనిషి షెడ్డులో ఒక్కడైనా మిగలాలి తల్లీ. జీతం పెంచితే అలాంటి మనిషి తయారవడు. ఒకసారి చెప్పినప్పుడు విని, ఆ బుట్ట నిజంగా పక్కన పెట్టిస్తేనే రెండోసారి చెబుతాడు.

సత్యం కంప్యూటర్స్ సంగతి మీ తరానికి కథలాగా వినబడుతుంది. మేం చూశాం. 2008 డిసెంబరు 16న ఛైర్మన్ సొంత కుటుంబం వాళ్ళ మేటాస్ కంపెనీలని కొనడానికి బోర్డు ఒప్పుకుంది. పెద్ద చదువులు, పెద్ద పేర్లు ఉన్న బోర్డు. వద్దన్నది షేర్లు కొన్న మదుపరులు, దాంతో ఆ నిర్ణయాన్ని గంటల్లో వెనక్కి తీసుకున్నారు. 2009 జనవరి 7న ఆ ఛైర్మన్ రామలింగరాజు గారి ఉత్తరం బయటికొచ్చింది. బ్యాంకులో ఉన్నాయన్న డబ్బులో 5,040 కోట్లు లేవు. అంతకుముందు సెప్టెంబరుతో ముగిసిన త్రైమాసికంలో 24 శాతం మార్జిను చూపించారు, అసలుది 3. ఏళ్ళ కిందట చిన్న తేడాగా మొదలైందని, చివరికి పులి మీద సవారీ అయిందని ఆయనే రాసుకున్నారు. ఆ మొదటి చిన్న తేడా వేసిన రోజున, ఇది తప్పు సార్ అని చెప్పి ఆపగలిగిన మనిషి ఆ గదిలో ఒక్కరుంటే ఎంతమంది ఇళ్ళల్లో దీపం నిలిచేదో! మా వీధిలోనే సత్యంలో పనిచేసే ఇద్దరు పిల్లలు ఆ వారం నిద్రపోలేదు.

నిన్ను ఆయనతో పోల్చడం లేదమ్మా. మెత్తటి టెంక కూడా ఒక చిన్న తేడాయే అని చెబుతున్నాను. ఆ బ్యాచ్ సీసాలు సెప్టెంబరులో ఎన్ని వెనక్కొచ్చాయో నీకే తెలుసు.

ఇక ఆర్డరు. పూర్తిగా వదులుకోమనను. నా ఆలోచన ఇది: నెలకి 6 లక్షలతో మొదలుపెడతామని చెప్పు. నీ 15తో కలిపితే 21లో 6, మూడో వంతు కన్నా తక్కువ. రేపు వాళ్ళు మానేసినా నీ షెడ్డు మూతపడదు. ఆవకాయ ఇప్పుడే ఇవ్వకు. కందిపొడి, కరివేపాకు కారం, నల్లకారం ఇవ్వు. వాటికి రుతువు లేదు, వారం వారం చేసి పంపొచ్చు, ఏడాది సరుకు ముందే పొయ్యనక్కర్లేదు. చెల్లింపు 45 రోజులు, కాగితం మీద. 45 రోజులంటే ఆగే డబ్బు 9 లక్షలే. వెనక్కొచ్చే సరుకు నూటికి రెండు దాటితే వాళ్ళదే భారం. అన్నిటికన్నా ముఖ్యం, సీసా మీద నీ పేరు. వాళ్ళ పేరుతో చేసి పెట్టమన్నారు చూడు, ఆ షరతు దగ్గర మాత్రం గట్టిగా ఉండు. పచ్చడి నీది, పేరు వాళ్ళదైతే, ఏడాది తర్వాత ఇంకొకరి చేత చేయించుకోవడానికి వాళ్ళకి ఒక్క ఫోను చాలు. తిన్నవాళ్ళకి నువ్వున్నావనే తెలీదు.

ఒప్పుకుంటే మంచిది. ఒప్పుకోకపోతే నమస్కారం పెట్టి లేచి వచ్చెయ్యి. పోయేది ఆర్డరు ఒకటే.

అక్క సోలతో కొలిచే కొలతలన్నీ కిలోల్లోకి మార్చి ఓ పుస్తకంలో రాయించు. నువ్వు జ్వరమొచ్చి పడుకున్న వారం కలపడం ఆగిపోయిందని విన్నాను. ప్రతి జాడీ రుచి నువ్వే చూడాలంటే పని నీ నాలుక దగ్గరే ఆగుతుంది. ఇది ఈ వేసవిలోపే అవ్వాలి.

వాళ్ళకి జవాబు ఇచ్చేది శుక్రవారం అన్నావు. గురువారం సాయంత్రం పని అయ్యాక ఆ పెద్దావిడని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఈ ఆర్డరు మనం చెయ్యగలమా అని అడుగు. ఆవిడ చెప్పేది చివరిదాకా విను. పోయిన మేలో ఆ బుట్ట విషయంలో తనదే సరైన మాటని నీ నోటితో ఒప్పుకో. ఆ తర్వాత నాకు ఫోన్ చెయ్యి.

నీ
మామయ్య