వాగు గట్టును బాగుచేయడం ఎలా?

మన వాగుల్ని కమ్మేసిన సర్కారు తుమ్మ, లొట్టపీసు, గుర్రపుడెక్క మూడూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. వాటిని నరకడం ఎంతసేపు! మళ్లీ రాకుండా చూడటమే అసలు పని. అందుకే మొదటి ఏడాది వంద గజాల గట్టు చాలు.

1. ముందు ఊరిని కలుపుకోండి. గ్రామసభలో విషయం పెట్టండి. మేకల కాపరులు, బొగ్గు కాల్చేవాళ్లు, జాలర్లు, గట్టు పక్క రైతులు తప్పక ఉండాలి. తుమ్మకాయ మేకలకు మేత, తుమ్మకట్టె పొయ్యికి ఆధారం. ఎవరికేం పోతుందో అడగకుండా మొదలుపెడితే రేపు మొక్కలకు కాపలా దొరకదు. గట్టు ఏ శాఖదో తేల్చుకుని అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. కూలిపని ఉపాధి హామీ కింద పెట్టొచ్చేమో పంచాయతీలో అడగండి.

2. గట్టంతా నడవండి. మద్ది, కానుగ, నేరేడు కనిపిస్తే రంగుగుడ్డ కట్టండి, పొరపాటున కత్తి పడకుండా. గిజిగాడి గూళ్లు వేలాడే తుమ్మను ఇప్పటికి వదిలేయండి. పని ఎగువ నుంచే మొదలుపెట్టండి. లేకుంటే తొలి వరదకే విత్తనాలు, కాడముక్కలు మళ్లీ కొట్టుకొస్తాయి.

3. ఎండాకాలంలో తీసేయండి. మందపాటి బూట్లు, చేతితొడుగులు తప్పనిసరి. తుమ్మముల్లు చెప్పుల్లోంచి దిగుతుంది.

- సర్కారు తుమ్మ: పైన నరికితే మొదలు నుంచి గుబురుగా చిగురిస్తుంది. చుట్టూ జానెడున్నర లోతు తవ్వి మొద్దు తీయాలి. నిటారు వాలులో మాత్రం తవ్వొద్దు, గట్టు జారుతుంది. అక్కడ నరికి, వచ్చిన చిగురు వచ్చినట్టే తుంచండి.
- లొట్టపీసు: వేరుతో పీకండి. తడినేల తగిలితే కాడముక్క కూడా వేళ్లు వేస్తుంది. నీళ్లకు దూరంగా ఎండబెట్టండి.
- గుర్రపుడెక్క: పూతకు ముందే లాగి, వరద అందనిచోట కుప్పవేసి ఎరువు చేయండి. మురుగునీటిలో పెరిగినదైతే కూరమళ్లకు వాడొద్దు.

4. తొలకరికి నాటండి. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో వాన పడగానే నీటి అంచున తుంగ, రెల్లు, వాలులో వట్టివేరు, పైన ఏరుమద్ది, కానుగ, నేరేడు. బోడిగట్టును వానకు వదిలితే మట్టి కోసుకుపోతుంది.

5. మూడేళ్లు కనిపెట్టుకోండి. వాటాలు వేసుకుని నెలకోసారి తిరగండి. మేక తిన్న తుమ్మగింజ పెంటికలోంచి మొలుస్తుంది; బెత్తెడు మొలకైతే నేల తడిగా ఉన్నప్పుడు చేత్తోనే వస్తుంది. వరద తగ్గిన ప్రతిసారీ చచ్చిన మొక్కల చోట కొత్తవి పెట్టండి. నాటినవి వేసవి తట్టుకుని, తుమ్మమొలకలు తగ్గుముఖం పట్టాకే తర్వాతి వంద గజాలకు కదలండి.