ప్రతినాయకుడేల చెడ్డవాడాయెను?

ఈ సంవత్సరము మన పత్రికకు విద్యార్థులు పంపిన కథలలో దుష్టపాత్రలకు కొరత లేదు. దొంగలు, వడ్డీవ్యాపారులు, పిల్లలనెత్తుకొనిపోవువారు అనేకులు కలరు. కాని తానా పని ఏల చేయుచున్నాడో వారిలో ఒక్కడును ఎరుగడు. వీరుడు కొట్టుటకు ఎవడో ఒకడు కావలెను గనుక వాడు వచ్చును, దెబ్బలు తినును, పోవును. ఈ లోపము పిల్లల కథలకే గాదు, లోకమున పేరుమోసిన బొమ్మల కథలకును గలదు. అట్టి ఒక దుష్టపాత్రను ఒక రచయిత ఎట్లు బాగుచేసెనో ఈ పాఠమున చెప్పుచున్నాము.

బ్యాట్‌మన్‌ను ఎరుగని విద్యార్థి అరుదు. తల్లిదండ్రుల కొరకు చెప్పుదుము: గోథమ్ అను కల్పిత నగరమున గబ్బిలపు వేషము ధరించి, రాత్రులందు నేరస్థులను పట్టు వీరుడతడు. అమెరికాలో అతని పేర వెలువడు పత్రిక 121వ సంచికలో, 1959లో, మిస్టర్ జీరో అను దొంగ ప్రవేశించెను. మంచు తుపాకితో ప్రయోగము చేయుచుండగా ప్రమాదము జరిగి, చలిలో తప్ప బ్రతుకలేనివాడాయెను. వజ్రములు దొంగిలించెను. చివరకు వేడి ఆవిరి తగిలి వాని జబ్బు కుదిరెను, కథయు ముగిసెను. 1966లో టెలివిజను ధారావాహికలో వానికి మిస్టర్ ఫ్రీజ్ అను పేరు వచ్చెను. పేరు మారినది గాని మనిషి మారలేదు.

33 సంవత్సరములు గడచిన పిమ్మట, 1992 సెప్టెంబరులో, బ్యాట్‌మన్ యానిమేషన్ ధారావాహికలో ‘హార్ట్ ఆఫ్ ఐస్’ అను భాగము ప్రసారమాయెను. రచయిత పాల్ డీని, దర్శకుడు బ్రూస్ టిమ్. ఇంతవరకు ‘వాడు’ అంటిమి. ఇక ‘ఆతడు’ అనక తప్పదు.

ఇందు ఆతడు విక్టర్ ఫ్రీజ్ అను శాస్త్రజ్ఞుడు. భార్య నోరాకు కుదురని జబ్బు. మందు కనుగొనునంతవరకు ఆమె ప్రాణము నిలుపుటకై, తాను పనిచేయు సంస్థ యంత్రములతో ఆమెను అతిశీతలమున నిద్రపుచ్చెను. సంస్థాధిపతియైన ఫెర్రిస్ బాయిల్ డబ్బు వ్యర్థమగుచున్నదని యంత్రమును ఆపించెను; అడ్డుపడిన విక్టర్‌ను రసాయనముల మీదికి తన్నెను. అది మొదలు ఆతడు చలిదుస్తు లేక బ్రతుకలేడు. బాయిల్‌పై పగయే ఆతనికి మిగిలెను.

గమనింపుడు: పాత కథలోని సామగ్రిలో డీని ఏదియు పారవేయలేదు. తుపాకి, దుస్తు, ప్రమాదము, చలి అన్నియు ఉన్నవి. అతడు వేసికొనిన ప్రశ్న ఒక్కటే: ఈ మనిషికి చలితో ఏమి పని? భార్యను బ్రతికించుకొనుట. ఆ ఒక్క జవాబుతో నిన్నటివరకు వింత వేషముగానున్న చలి, ఆతని ప్రేమకు గుర్తును, ఆతని శిక్షయు నాయెను. మయసభలో పరాభవము లేని దుర్యోధనుని ఊహించి చూడుడు, మీకే తెలియును.

అయితే దుఃఖము ఆతనిని మంచివానిగా చేయలేదు. గురితప్పిన మంచుదెబ్బకు తన అనుచరుని కాళ్లు గడ్డకట్టగా, ఆతడు వానిని అక్కడనే విడిచిపోవును. భార్యకై కుమిలిపోవువాడే ఈ పనియు చేయును. జాలి పుట్టించవలెనని మన విద్యార్థులు దుష్టుని చేత తుదిలో కన్నీరు పెట్టించి, అందరి కాళ్లు మ్రొక్కింతురు. డీని అట్లు చేయలేదు. బ్యాట్‌మన్ జరిగిన అన్యాయమును తెలిసికొనియు విక్టర్‌ను పట్టుకొనును. బాయిల్ నేరమును చూపు చిత్రమునుగూడ విలేఖరి చేతికిచ్చును. పట్టుకొనిన విధము వినగానే మా తరగతి గొల్లున నవ్వెను. జలుబు చేసిన బ్యాట్‌మన్‌కు సేవకుడు కోడిచారు పోసి పంపిన ఫ్లాస్కుతోనే విక్టర్ శిరస్త్రాణము పగులును. కాని చివర చెరలో, భార్య రూపమును తలపించు చిన్న నాట్యబొమ్మను చేతబట్టి ఆతడు క్షమాపణ వేడుచుండగా తరగతి నవ్వలేదు. ఈ రచనకు ఎమీ పురస్కారము లభించినది. 1997లో బొమ్మల పుస్తకమును ఈ పూర్వకథనే స్వీకరించినది.

ఎక్స్‌మెన్ కథలలోని మాగ్నెటో 1963లో ప్రవేశించినపుడు లోకమునేలగోరు గర్వి మాత్రమే. 1981లో క్రిస్ క్లేర్మాంట్ వ్రాసిన 150వ సంచికలో, అతడు నాజీల ఔష్విట్జ్ శిబిరమున బాల్యము గడపినవాడని తెలియును. తన దెబ్బకు కూలినది ఒక చిన్న బాలిక యని చూచి అతడు నిలిచిపోవును.

ఇక మన పాఠశాలకు వత్తము. తొమ్మిదవ తరగతి బాలుడొకడు తెచ్చిన కథలో, వేరు పాఠశాల పిల్లవాడు బస్సు నిలుచుచోట కథానాయకుని తెలుగు పుస్తకమును లాగుకొని వెక్కిరించును. నాయకుడు వానిని చెరువులోనికి త్రోయును. “వానికి ఏమి కావలెను?” అని అడిగితిమి. “వాడికేం కావాలి మాస్టారూ, వాడు చెడ్డవాడు” అనెను. ఇట్లు వెక్కిరింపబడినవాడు తానే యని మాకు తెలియును గనుక, మరి రెట్టించలేదు.

వారము దినములకు కథ తిరిగి వచ్చినది. ఇప్పుడు వెక్కిరించువాని ఇంటిలోను తెలుగే మాటలాడుదురు. వానికి చదువ రాదు. చూపు తగ్గిన నాయనమ్మ, ఊరినుండి తన చెల్లెలు వ్రాసిన జాబును ప్రతిదినము వాని చేతికిచ్చును. వాడు కాగితమును చూచుచు, తోచినదేదో కల్పించి చదువును. ఒకనాడు ఆమె, “మా చెల్లి ఇట్లా వ్రాయదురా” అనెను. ఆ మరునాడే వాడు బస్సు నిలుచుచోట ఆ పుస్తకమును లాగుకొనెను.

ఆ కథను ఈ సంచికలోనే అచ్చువేయుచున్నాము. చెరువులోనికి త్రోయుటను మాత్రము ఆ బాలుడు తీసివేయలేదు. మేమును తీసివేయుమనలేదు.