పాత గేమ్ కన్సోల్ కొనాలా, వద్దా? పిల్లలతో కలిసి చేసే ఒక నిర్ణయ పాఠం



పోయిన పీటీఎంలో ఏడో తరగతి బాబు ఒకరి తల్లిదండ్రులు నా టేబుల్ దగ్గర కూర్చున్నారు. మార్కుల షీటు చూడటం అయిపోయింది. లేవబోతూ అమ్మగారు మెల్లగా అడిగారు: "మేడం, మావాడు పాత వీడియో గేమ్ కావాలని నెల రోజులుగా ఒకటే గొడవ. సెకండ్ హ్యాండ్‌ది ఆరు వేలట. ఫోన్ అయినా వదులుతాడేమోనని నా ఆశ. వీళ్ల నాన్నేమో చదువు పాడవుతుందంటారు. మీరేమంటారు?" ఇద్దరూ నా మొహం చూస్తున్నారు. బాబు మాత్రం నేల చూస్తున్నాడు.

ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. వెనకాల ఇంకా పదిమంది పేరెంట్స్ ఎదురుచూస్తున్నారు. "ఆలోచించి చెప్తానండీ" అన్నాను. ఆ జవాబే ఈ వ్యాసం. దసరా సెలవులు దగ్గరపడుతున్నాయి కాబట్టి ఇదే ప్రశ్న మరికొన్ని ఇళ్లలోనూ వచ్చి ఉంటుంది. వాళ్ల అనుమతి తీసుకునే రాస్తున్నాను.

అసలు ఏమిటీ వస్తువు?

మీలో చాలామంది చిన్నప్పుడు నాంపల్లి ఎగ్జిబిషన్‌లోనో, ఊరి తిరనాళ్లలోనో పట్టుబట్టి బ్రిక్ గేమ్ కొనిపించుకుని ఉంటారు. పైనుంచి ఇటుకలు పడుతుంటే వరుసగా పేర్చే ఆట అది. దాని అసలు పేరు టెట్రిస్. మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ తయారుచేశారు. జపాన్ కంపెనీ నింటెండో 1989లో గేమ్ బాయ్ అనే చేతి కన్సోల్ తెచ్చింది. అమెరికాలో దానితోపాటు పెట్టెలో ఇచ్చిన ఆట ఇదే. అంటే పిల్లలు ఇప్పుడు అడుగుతున్నది మనకు పూర్తిగా కొత్త వస్తువేం కాదు.

ఆ తర్వాత గేమ్ బాయ్ అడ్వాన్స్ (2001), రెండు తెరలున్న నింటెండో డీఎస్ (2004), సోనీ పీఎస్‌పీ (2004), నింటెండో 3డీఎస్ (2011), సోనీ పీఎస్ వీటా (2011) వచ్చాయి. మన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో దొరికేవి ఎక్కువగా వీటిలోవే. పీఎస్‌పీని సోనీ మన దేశంలోనూ అమ్మింది. కబడ్డీ, గిల్లీ దండా (మన బిళ్లంగోడు, చిర్రగోనె) ఉన్న దేశీ అడ్డా అనే గేమ్ కూడా దానికి వచ్చింది.

ఒక విషయం గుర్తుంచుకోండి. వీటా తయారీ 2019లో, 3డీఎస్ తయారీ 2020లో ఆగిపోయాయి. మిగతావి ఇంకా ముందే ఆగాయి. కాబట్టి ఏది కొన్నా కంపెనీ వదిలేసిన వస్తువునే కొంటున్నాం. కంపెనీ వారంటీ ఉండదు. పాడైతే బాగుచేసే మెకానిక్‌ని మనమే వెతుక్కోవాలి.

"400 ఆటలు ఒకే మెషీన్‌లో" అని ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు కనిపించేవి ఇవి కావు. అవి చూడటానికి పాత కన్సోల్‌లాగా ఉండే కొత్త మెషీన్లు. వాటిలోని ఆటలు చాలావరకు అనుమతి లేకుండా కాపీ చేసినవే.

ఫోన్ కంటే నయమేనా?

కొన్ని విషయాల్లో నయమే. పాత ఆటల మధ్యలో ప్రకటనలు రావు. "ఇంకో 99 రూపాయలు కట్టు, కత్తి ఇస్తాం" అని అడగవు. రాత్రి పదకొండింటికి నోటిఫికేషన్ మోగదు. చాలా ఆటలకు మొదలూ చివరా ఉంటాయి. కథ అయిపోతే ఆట అయిపోతుంది. ఇంగ్లిష్ టీచర్‌గా ఇంకో మాట కూడా చెప్పాలి. పోకెమాన్ లాంటి ఆటల్లో పాత్రల మాటలన్నీ చదివి అర్థం చేసుకోవాలి. చదవకపోతే ఎటు వెళ్లాలో తెలియదు. రీడర్ పుస్తకంలో ఒక పేజీ చదవడానికి బద్ధకించే పిల్లలు అక్కడ ఓపిగ్గా చదువుతారు.

అయితే ఇదీ తెరే. తల వంచుకుని చిన్న తెర చూస్తూ కూర్చుంటే మెడకూ, కళ్లకూ శ్రమే. ఆట బాగుంటే భోజనం పిలుపు వినపడదు. మెదడుకు పదును పెడతాయని చెప్పే ఆటలు కూడా డీఎస్‌లో ఉన్నాయి. వాటిని ఆడితే ఆ ఆటల్లో చురుకుదనం వస్తుంది. లెక్కల మార్కులు మాత్రం వాటంతటవే పెరగవు. "ఇది కొంటే ఫోన్ మానేస్తాడు" అనేది కూడా ఆశే. ఫోన్‌కి నియమం పెట్టని ఇంట్లో కన్సోల్ వస్తే పిల్లవాడి చేతిలో రెండు తెరలు ఉంటాయి.

ఏ మోడల్‌తో ఏమిటి?

డీఎస్, డీఎస్ లైట్: ఇప్పటి ఇళ్లలోని వైఫైకి ఇవి మామూలుగా కనెక్ట్ కావు, అంత పాతవి. ఇంటర్నెట్ భయం ఉన్నవాళ్లకు ఇది మంచిదే. దాదాపు ఏ దేశంలో కొన్న డీఎస్ ఆటైనా ఇందులో నడుస్తుంది. మడత దగ్గర ప్లాస్టిక్ పగలడం వీటిలో తరచుగా కనిపించే లోపం.

3డీఎస్: ఇది వైఫైకి కనెక్ట్ అవుతుంది. అయితే ఇందులోని ఆన్‌లైన్ షాపులో కొత్తగా కొనడం 2023 మార్చిలో ఆగిపోయింది. 2024 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ ఆట కూడా ఆపేశారు. ఇక క్యాట్రిడ్జ్‌లు వెతికి కొనుక్కోవాల్సిందే. జపాన్‌లో అమ్మిన మెషీన్‌లో జపాన్ క్యాట్రిడ్జ్‌లే నడుస్తాయి, మెనూ కూడా జపనీస్‌లోనే ఉంటుంది. తక్కువకు వస్తోందని తొందరపడితే ఇక్కడే దెబ్బతింటాం. ఆరేళ్లు, అంతకంటే తక్కువ వయసున్న పిల్లలకు 3డీ తెర వాడవద్దని కంపెనీయే చెప్పింది. పేరెంటల్ కంట్రోల్‌లో 3డీని ఆపేయవచ్చు. 2డీఎస్ మోడల్‌లో అసలు 3డీయే ఉండదు.

పీఎస్‌పీ: ఆటలు చిన్న డిస్కుల మీద వస్తాయి. డిస్కు తిప్పే భాగం అరిగిపోతుంది కాబట్టి డిస్కు వేసి ఆడి చూడాలి. చాలా మోడళ్లలో బ్యాటరీని చేత్తో తీసి మార్చుకోవచ్చు.

వీటా: తెర బాగుంటుంది. దీని మెమరీ కార్డు మాత్రం ప్రత్యేకమైనది. ఫోన్‌లో వేసే కార్డు ఇందులో పట్టదు. కార్డు లేకుండా అమ్ముతుంటే ఆ ఖర్చు కూడా కలుపుకోవాలి.

మా ఇంట్లో జరిగింది

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు నాకూ ఒక పీఎస్‌పీ కావాలనిపించింది. మా నాన్న ఆర్టీసీ కండక్టర్. "హాఫ్ ఇయర్లీలో ఫస్ట్ వస్తే కొంటా" అన్నారు. ఫస్ట్ వచ్చాను. డ్యూటీ లేని రోజు చూసుకుని హైదరాబాద్‌లో ఒక సెకండ్ హ్యాండ్ షాపుకి తీసుకెళ్లారు. షాపతను "లోపల వంద గేమ్స్ ఉన్నాయి సార్, ఇంకేం కొనక్కర్లేదు" అన్నాడు. మేము ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. వెనక మూత తీసి చూపించమనాలని మా ఇద్దరికీ తెలియదు.

పదకొండో రోజు ఛార్జింగ్ ఆగిపోయింది. వెనక మూత దానంతటదే పైకి లేచింది. లోపల బ్యాటరీ ఉబ్బిపోయి ఉంది. మళ్లీ బస్సెక్కి వెళ్తే, "సెకండ్ హ్యాండ్ వస్తువుకి గ్యారంటీ ఏముంటుంది సార్" అన్నాడు. నాన్న నిలబడి విని, "పోనీలే తల్లీ" అని నన్ను తీసుకుని వచ్చేశారు. దారిలో నేను, "నాకూ అది అంత నచ్చలేదులే నాన్నా" అన్నాను. అబద్ధం.

ఆ తర్వాత ఇంటర్ అయ్యేదాకా నేను ఆయన్ని ఏదీ అడగలేదు. ఇంట్లో అందరూ "మా అమ్మాయి ఎంత బుద్ధిమంతురాలో" అనేవాళ్లు. అది బుద్ధి కాదండీ, భయం. నేను అడిగితే నాన్న డబ్బు పోతుందన్న భయం. ఆ రోజు షాపుకి వెళ్లేముందు ఇద్దరం ఒక కాగితం మీద నాలుగు ప్రశ్నలు రాసుకుని ఉంటే, డబ్బు పోయినా ఆ భయం ఉండేది కాదు. తప్పు మా ఇద్దరిదీ అయ్యేది. దాన్నుంచి ఇద్దరం నేర్చుకునేవాళ్లం.

అందుకే "ర్యాంక్ వస్తే కొంటా" అనే షరతు పెట్టవద్దని నా విన్నపం. ర్యాంక్ రాకపోతే వస్తువు పోతుంది, దానితో చదువు మీద ఇష్టమూ పోతుంది. వస్తే, అప్పటికే మాట ఇచ్చేశాం కాబట్టి ఆ వస్తువు మంచిదా కాదా అని ఎవరూ చూడరు. మాకు జరిగింది అదే.

కొనే ముందు చూడాల్సినవి

పిల్లల చేతే ఈ జాబితా రాయించి, షాపులో వాళ్ల చేతే టిక్ పెట్టించండి.

1. బ్యాటరీ: తీసి చూడగలిగే మోడల్ అయితే తీసి చూడండి. కాస్త ఉబ్బినా కొనవద్దు. ఉబ్బిన బ్యాటరీని నొక్కడం, ఛార్జింగ్ పెట్టడం ప్రమాదం.
2. ఛార్జింగ్: అక్కడే ఛార్జర్ పెట్టి చూడండి. తర్వాత ఛార్జర్ తీసేసి కనీసం ఇరవై నిమిషాలు ఆడించండి.
3. తెర: పూర్తి తెలుపు, పూర్తి నలుపు ఉన్న చోట మచ్చలు, గీతలు చూడండి. టచ్ ఉంటే నాలుగు మూలలా తాకి చూడండి.
4. బటన్లు: ప్రతి బటనూ నొక్కండి. ముఖ్యంగా పైన రెండు చివర్లా ఉండేవి.
5. ఆట: ఒక ఆట పెట్టి, సేవ్ చేసి, ఆపి, మళ్లీ తెరవండి. నకిలీ క్యాట్రిడ్జ్‌లలో ఆట సేవ్ కాకపోవడం మామూలే.
6. పాత కోడ్: పేరెంటల్ కంట్రోల్ కోడ్, పాత యజమాని అకౌంట్ ఉంటే అమ్మేవారి చేతే తీయించండి.
7. మాట: ఎన్ని రోజుల్లో వాపసు తీసుకుంటారో బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే బయటికి వచ్చేయండి.

"వంద గేమ్స్ లోపలే ఉన్నాయి" అంటే సంతోషపడవద్దు. అవి కాపీ ఆటలు. పరీక్షలో కాపీ కొడితే తప్పని చెప్పే మనం, ఇక్కడ చూసీ చూడనట్టు ఊరుకుంటే పిల్లలు అది కూడా నేర్చుకుంటారు.

లెక్క వేద్దాం

ఇది ఉదాహరణ లెక్క మాత్రమే. మీరు అడిగి తెలుసుకున్న ధరలు వేసుకోండి. మెషీన్ 6,000, కొత్త బ్యాటరీ 800, మెమరీ కార్డు 1,200, రెండు ఆటలు 2,000. మొత్తం 10,000 రూపాయలు. ఆరు వేలు అనుకున్నది పది వేలయింది. ఏడాదిలో వంద గంటలు ఆడితే గంటకు 100 రూపాయలు. ఏడాది తర్వాత 4,000కి అమ్మగలిగితే గంటకు 60. పది గంటలు ఆడి అటక ఎక్కించేస్తే గంటకు 1,000. ఏడో తరగతి పిల్లలు ఈ లెక్క హాయిగా చేయగలరు. మీరు చేసి పెట్టకండి.

సెలవుల్లో ఇంటి పని: నిర్ణయ పత్రం

మొదటి రోజు: కావాలనడానికి ఐదు కారణాలు, వద్దనడానికి ఐదు కారణాలు పిల్లలు ఇంగ్లిష్‌లో రాయాలి. ఈ నెల క్లాసులో నేర్చుకున్న "బికాజ్", "ఆల్దో", "హౌఎవర్" ఒక్కొక్కటీ రెండేసి సార్లు రావాలి. అమ్మానాన్నలు కూడా తమ కారణాలు తెలుగులో రాయాలి.

రెండో రోజు: పైన చెప్పిన లెక్క.

తర్వాత పదిహేను రోజులు ఎవరూ ఆ మాట ఎత్తకూడదు. పదహారో రోజు కాగితం తీసి చదవండి. కోరిక అలాగే ఉందా, తగ్గిందా చూడండి.

కొనాలనుకుంటే ఒప్పందం రాసుకోండి: రోజుకు ఎంతసేపు, ఎక్కడ కూర్చుని, రాత్రి అది ఎవరి గదిలో ఉంటుంది. అందులో మన వంతు కూడా ఉండాలి. చాలా పాత ఆటల్లో ఎక్కడపడితే అక్కడ సేవ్ చేయడం కుదరదు. "ఐదు నిమిషాలమ్మా" అన్నది ప్రతిసారీ సాకు కాదు. చేతిలోంచి లాక్కోకండి. డీఎస్, 3డీఎస్ మూత వేస్తే ఆట అక్కడే నిద్రపోతుంది. పీఎస్‌పీకీ స్లీప్ ఉంది. "మూత వెయ్యి నాన్నా, రేపు ఆడుకో" అంటే చాలు.

వద్దనుకుంటే నిజమైన కారణం చెప్పండి. "ఇది టర్మ్ ఫీజు కట్టే నెల, ఇప్పుడు కుదరదు" అని చెబితే పిల్లలు అర్థం చేసుకుంటారు. "చూద్దాంలే" అని ఏడాది తిప్పితేనే బాధపడతారు.

చివరగా

ఆ బాబు ఇంట్లో ఈ పత్రం మొదలైంది. కావాలనడానికి రాసిన ఐదు కారణాల్లో నాలుగోది వాళ్లమ్మగారు నాకు చూపించారు. వేసవిలో అమెరికా నుంచి వచ్చిన పెద్దమ్మ కొడుకు తన 3డీఎస్‌ని రోజూ ఇతనితో కలిసి ఆడేవాడట. అన్నయ్య వెళ్లిపోయాక ఆడుకోవడానికి ఎవరూ లేరని రాశాడు. ఆ వాక్యం చదివాక వాళ్ల నాన్నగారు ఆ రాత్రి క్యారమ్ బోర్డు కిందికి దించారు. కన్సోల్ సంగతి ఇంకా తేలలేదు, పదిహేను రోజులు కాలేదు. కొన్నా, కొనకపోయినా ఆ ఇంట్లో ప్రశ్న అడిగినందుకు ఎవరూ నేల చూడాల్సిన పని లేదు.

సెలవుల తర్వాత మొదటి సోమవారం నిర్ణయ పత్రాన్ని పిల్లల డైరీలో పెట్టి పంపండి. కన్సోల్ కాకపోతే సైకిల్, కీబోర్డు, షూ, ఏదైనా సరే. రాసిన ఇంగ్లిష్ వాక్యాలు నేను దిద్ది ఇస్తాను. నిర్ణయం మాత్రం మీ ఇంటిదే.