పొట్టి జీపును పొడుగు చేయుట ఎలా?

ఆఫీసు గది బీరువాలో ఉన్న చిన్న జీపును మీరంతా చూశారు. "ఎక్కడ కొన్నావురా?" అని చాలామంది అడిగారు. అది కొన్నది కాదు, కోసి అతికించినది. ఎలా చేశానో, ఎక్కడ తప్పులు చేశానో ఈ వ్యాసంలో రాస్తున్నాను.

పోయిన వేసవిలో లెక్కల సారు తమ్ముడు నాకు ఒక పెట్టె ఇచ్చారు. అందులో పాత మిలిటరీ జీపు ప్లాస్టిక్ భాగాలుగా ఉంది. పెట్టె మీద 1:24 అని రాసి ఉంది. అంటే అసలు జీపులో 24 అంగుళాలు ఉన్నది బొమ్మలో 1 అంగుళం. తేలికగా చెప్పాలంటే అడుగుకి అర అంగుళం.

పెట్టె మీది బొమ్మలాగే చేయాలని నియమం లేదు. అమెరికాలో ఏ.ఎం.టి. అనే కంపెనీ 1958లో ఒకే పెట్టెతో కారును మూడు రకాలుగా చేసుకునేలా భాగాలు ఇచ్చింది. మామూలు కారు, సోకుల కారు, పందెం కారు. పెట్టెలో లేని రకం కావాలంటే మాత్రం మనమే కోసి మార్చుకోవాలి.

నాకు మా సంతకి వచ్చే సర్వీసు జీపు చేయాలనిపించింది. మూడేళ్ల కిందట మా అవ్వకి జ్వరం ముదిరితే డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొచ్చారు. అక్కడి నుంచి ఆస్పత్రికి ఆ జీపే తీసుకెళ్లింది. వెనక బల్ల పొడుగ్గా ఉండబట్టి అవ్వను పడుకోబెట్టగలిగాం. అవ్వ బతికింది. అందుకే నా జీపుకి ఆ పొడుగు ఉండాలి.

మొదటి పని కొలత. ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమి దాకా మిలిటరీ జీపు 80 అంగుళాలు. సర్వీసు జీపును సంత రోజున టేపుతో కొలిస్తే 91 వచ్చింది. తేడా 11 అంగుళాలు, అంటే 279 మిల్లీమీటర్లు. దాన్ని 24తో భాగిస్తే 11.6 మిల్లీమీటర్లు. బొమ్మలో పెంచాల్సింది అంతే!

రెండవ పని, ఎక్కడ కోయాలో తేల్చడం. నేను డ్రైవరు ఎక్కే సందు దగ్గర గీత గీశాను. సారు చూసి, "ఏరా, ఆ డ్రైవరు కాళ్లు మనకంటే 11 అంగుళాలు పొడుగా?" అన్నారు. అందరూ నవ్వారు. పెరిగే చోటు ముందు సీట్ల వెనక ఉండాలి. వంపులు లేని తిన్నని భాగం చూసి, టేపు అంటించి, సన్న రంపపు బ్లేడుతో మెల్లగా కోశాను. ఉన్నది ఒక్కటే పెట్టె. చెయ్యి వణికింది.

మూడవ పని అతుకు. భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం ముక్కలు కింది కమ్మీలకి అతికాను. పెట్టెలోని జిగురు ప్లాస్టిక్‌ను కరిగించి కలిపేస్తుంది. పక్కలకి పాత స్కేలు ముక్కలు పెట్టి ఎం-సీల్‌తో పూడ్చాను. అయితే ఒళ్లో పెట్టుకుని అతకడం వల్ల మెలి తిరిగి, ఒక చక్రం గాలిలో నిలబడింది. మళ్లీ కోసి, ఈసారి గాజు పలక మీద పెట్టి అతికాను. ఒక రోజంతా కదపలేదు. తర్వాత గరుకు కాగితం నీళ్లలో తడిపి రుద్ది, రంగు పల్చగా రెండుసార్లు వేశాను.

ఇంకొకటి మరిచాను. జీపు పొడుగైతే గేరుబాక్సు నుంచి వెనక ఇరుసుకి వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు కూడా పొడుగవ్వాలి. "కిందెవడు చూస్తాడురా, వదిలెయ్" అన్నాడు నా స్నేహితుడు. నాకు మనసొప్పలేదు. దానికీ 11.6 మిల్లీమీటర్లు కలిపాను.

దసరా సెలవులకి బొమ్మను సంతకి తీసుకెళ్లాను. డ్రైవరన్న చేతిలోకి తీసుకుని ముందుగా చేసిన పని, దాన్ని తిరగేసి కింద చూడటం! "షాఫ్టు కూడా పెంచావే తమ్ముడూ" అన్నాడు. అవ్వ మాత్రం వెనక బల్ల మీద వేలు పెట్టి, "ఇక్కడే పడుకున్నా" అంది.

మీకొక లెక్క: మన బడి జెండా కర్ర 18 అడుగులు. 1:24లో దాని ఎత్తు ఎంత? జవాబు రాసి లెక్కల సారుకి చూపండి.