సొంతూరి పిల్లలకు సెలవుల్లో పని

ప్రశ్న: మాది పాల సొసైటీ. మా ఊరి డిగ్రీ అమ్మాయిలిద్దరు వేసవిలో మా దగ్గర ప్రాజెక్టు చేస్తామంటున్నారు. ఏం పని చెప్పాలి?
– ఓ సొసైటీ కార్యదర్శి, గుంటూరు జిల్లా

జవాబు: తప్పకుండా చేర్చుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ మొదటి ఏడాది అయ్యాక చేయాల్సిన సామాజిక సేవా ప్రాజెక్టుకు 180 గంటలు, 4 క్రెడిట్లు. ఏ రోజు పని ఆ రోజు లాగ్‌బుక్‌లో రాయాలి, కాలేజీ మెంటర్ దానిమీద సంతకం చేయాలి. కాబట్టి ముందే ఆ మెంటర్‌తో మాట్లాడండి.

పాత రిజిస్టర్లు కంప్యూటర్లోకి ఎక్కించే పని మాత్రం అంటగట్టకండి, అది మీ గుమాస్తాది. పొద్దున్నే పాలకేంద్రంలో నిలబెట్టి వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే ఘనపదార్థాలు) ఎలా చూస్తారో, దాన్నిబట్టి ధరెలా కడతారో చూపించండి. తర్వాత ఇంటింటి సర్వే: పాడి ఎంత, అప్పులెంత, మేత ఎక్కడిది, మే నెలలో పాలెంత తగ్గాయి. ఎండ ముదిరేలోపే ఇంటికి పంపేయాలి.

సొంతూరు కావడంలో ఓ చిక్కుంది. సర్వేలో ఆ అమ్మాయిలు తమ పిన్ని అప్పుల లెక్క రాసుకుంటే, సాయంత్రానికి వీధంతటికీ తెలుస్తుందని ఆవిడ భయం. అది అబద్ధమూ కాదు! సర్వే కాగితాలమీద పేర్లకు బదులు నంబర్లు వేయించండి.

చివర్లో ఆ సర్వే లెక్కలు రైతుల ముందు ఆ అమ్మాయిలచేతే చదివించండి. కాలేజీకి వెళ్లే రిపోర్టు కాపీ ఒకటి సొసైటీలోనూ ఉంచుకోండి.