ఆడకూన ఎటు పోయింది చెల్లె?

చెల్లె, చలికాలం వచ్చిందంటె మన మర్రిగూడ దిక్కు ఏ ఊర్ల చూసినా ఇదే ముచ్చట. శివన్నగూడ పో, లెంకలపల్లి పో, ఇందుర్తి పో. ఎవలింటి గడ్డివాము సందులనో, కూలిన గోడ చాటుకో ఒక కుక్క ఈని ఉంటది. కూనలు కండ్లు తెరిచి బుడిబుడి నడుసుడు మొదలువెట్టంగనే వాడకట్టు పోరగాండ్లు చుట్టు మూగుతరు. తోక లేపి చూసి మగయి ఏరుకుంటరు. వారం తిరిగేసరికి మగకూనలన్నిటికి తలా ఒక ఇల్లు దొరుకుతది. ఆడయి మిగిలిపోతయి. వాటిని సంచిల వేసి గుట్ట కాడనో, చెరువు కట్ట మీదనో, మాల్‌కు పోయే తొవ్వలనో ఇడిచిపెట్టి వస్తరు. "ఆడది మనకెందుకు, ఏడాదికి రెండుసార్లు ఈనుతది, ఎవలు సాదాలె?" అంటరు.

ఆ మాట అనేది శానసార్లు ఇంటి ఆడోళ్లే. అందుకే ఈ ముచ్చట మనమే మాట్లాడుకోవాలె.

"ఊరినిండ కుక్కలైనయి, పిల్లగాండ్లను బడికి పంపాలంటె బుగులైతుంది" అని నువ్వు అంటవు. ఆ బుగులు ఉత్తది కాదు. 2023 ఫిబ్రవరిల హైదరాబాద్ అంబర్‌పేటల నాలుగేండ్ల పిల్లగాని మీద కుక్కలు పడి సంపిన సంగతి మరిచిపోయే తల్లి ఎవలుంటరు? కాని ఆ గుంపులు ఆకాశం నుంచి ఊడిపడలేదు. కుక్క కడుపు మోసేది రెండు నెలలే. ఒక ఈతకు నాలుగు నుంచి ఎనిమిది దాక కూనలు. మనం గుట్ట కాడ ఇడిచిన ఆడకూన బతికిందంటె ఏడాది తిరగక ముందే అదే ఒక తల్లి అయితది.

బతకకపోతే? కోల్‌కతల ఐసర్ అనే సైన్సు సంస్థోళ్లు వీధికుక్కల వెంట తిరిగి, 364 కూనల లెక్క పెట్టి 2016ల రాసిండ్రు. ఏడు నెలలు నిండేదాక బతికినయి నూటికి 19. సచ్చిన వాటిల సగానికి ఎక్కువ మనుషుల చేతులనే పోయినయి: బండ్ల కింద, దెబ్బలకు, విషానికి. అంటె చెల్లె, ఇడిచిపెట్టుడు అనే పద్ధతి కుక్కలను తక్కువ చెయ్యలేదు, కుక్కలకు మేలూ చెయ్యలేదు. సచ్చేటియి గోసపడి సస్తయి, మిగిలినయి ఆకలితోని మొండిగ మారి మళ్ల ఈనుతయి.

ఇది ముదిరితే ఏమైతదో మన పాలమూరు చూసింది. 2024 ఫిబ్రవరిల అడ్డాకుల మండలం పొన్నకల్‌కు ఒక రాత్రి ముసుగులు కట్టుకొని కార్ల వచ్చినోళ్లు తుపాకితోని 20 వీధికుక్కలను కాల్చి సంపిండ్రు. తెల్లారేసరికి ఊరు ఊరంత కుక్కల శవాలు. మరుసటి నెలల పోలీసులు ముగ్గురిని పట్టుకున్నరు. వాళ్లు చెప్పిన కారణం ఇను: ఆ ఊర్ల ఒకని పెంపుడు కుక్కను వీధికుక్కలు కరిచి సంపినయి, ఆ పగ తీర్చుకున్నరు. తన కుక్క మీద అంత పాణం ఉన్న మనిషికే పక్క కుక్క పాణం లెక్కల లేకపాయె. సాదుకున్న కుక్కకు, వీధి కుక్కకు నడుమ మనం గీసిన గీత ఎంత లోతుగున్నదో చూడు.

నన్నయ భారతం ఆదిపర్వంల కూడ ఇట్లాంటి సంగతే ఉంటది. జనమేజయుడు యాగం చేస్తుంటె సరమ అనే దేవతల కుక్క బిడ్డ అక్కడ ఆడుకుంట తిరిగింది. రాజు తమ్ముండ్లు దాన్ని కొట్టి ఎల్లగొట్టిండ్రు. సరమ నిండు సభకు వచ్చి, ఏ తప్పూ చెయ్యని నా బిడ్డను ఎందుకు కొట్టిండ్రని రాజును నిలదీసింది. మన భాషల తొలికావ్యం అంటరే, దానిల కథ మొదలయ్యేకాడనే ఒక కుక్కతల్లి గొంతు ఉన్నది.

ఇగ రెండో దిక్కు చూద్దాం. ఊర్ల ఎవ్వరికి వద్దన్న ఆడకుక్కకు పట్నంల మస్తు గిరాకి. ఎందుకంటె దానితోని పిల్లలు ఈనించి అమ్ముకోవచ్చు. ఇప్పుడు ఆ ఆలోచన మన దిక్కు కూడ వస్తున్నది. "అక్కా, ఒక ఆడ లాబ్రడార్‌ను కొని క్రాసింగ్ చేయిస్తె ఒక ఈతకే పెట్టుబడి ఎల్లుతదట గదా, పాలబర్రె కన్న నయం గదా?" అని అడిగేటోళ్లు ఉన్నరు.

లెక్క రాసేటప్పుడు ఆ తల్లి పానం కూడ రాసుకో చెల్లె. మనింట్ల బాలింతకు కారం బువ్వ పెట్టి, చెవులకు గుడ్డ కట్టి, నెలల తరబడి బరువు లేపనియ్యం. ఆరు నెలలకొక్కసారి ఎనిమిదేసి పిల్లలను కని పాలిచ్చే జీవికి ఆ మాత్రం ఆగుడు వద్దా? 2017ల కేంద్ర సర్కారు కుక్కల పెంపకం, అమ్మకం మీద నియమాలు పెట్టింది. అమ్ముకోను పిల్లలు తీసేటోళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి కాడ రిజిస్టర్ కావాలె. 18 నెలలు నిండని ఆడకుక్కను క్రాసింగ్‌కు పెట్టొద్దు. 8 ఏండ్లు దాటినంక పెట్టొద్దు. జన్మల 5 ఈతలకు మించొద్దు, ఈతకు ఈతకు నడుమ ఎడం ఉండాలె. ఒక్క తల్లి పిల్లలను ఒకదానితోని ఒకటి కలుపొద్దు. 8 వారాలు నిండని కూనను అమ్మొద్దు. అందం కోసమని చెవులు, తోక కోసుడు కూడ వద్దు.

ఈ నియమాలన్ని పాటించి, తల్లికి మంచి తిండి పెట్టి, కూనలకు సూదులు ఏయించి, అమ్ముడుపోని వాటిని ఇంట్లనే సాది లెక్క చెయ్యి. పాలబర్రె కన్న నయం అనే మాట నీ నోట మళ్ల రాదు. లాభం కనవడేదంత ఆ తల్లి ఒంట్ల నుంచి పిండుకున్నదే. అయిదారు ఈతలు అయినంక, పాలు ఎండి బొక్కలు తేలినంక, ఆ లాబ్రడార్ ఎక్కడ కనవడతది? సాగర్ రోడ్డు పొంటి దాబాల కాడ, మెడకు పాత పట్టా మచ్చతోని. ఊర్ల పుట్టిన ఆడకూన మొదట్లనే రోడ్డుకు పోతది, పట్నపు ఆడకుక్క ఆఖరుకు పోతది. అంతే తేడా.

కొనుడే అని గట్టిగ అనుకుంటె, ఒక్క మాట అడుగు: "తల్లిని చూపియ్యి." తల్లి ఎట్లున్నది, దానికి తిరగను జాగ ఉన్నదా, మనిషిని చూస్తె ముడుసుకుంటున్నదా, తోక ఊపుతున్నదా చూడు. తల్లి ఇక్కడ లేదు, వేరే ఊర్ల ఉన్నది అన్నడంటె ఆ బేరం ఇడిచిపెట్టు. నెల రోజులకే తల్లి నుంచి గుంజుకొచ్చిన కూనకు సరిగ రోగం తట్టుకునే శక్తి ఉండదు. అన్నదమ్ములతోని ఆడుకుంటనే కూన ఎంత గట్టిగ కొరికితే నొస్తదో నేర్చుకుంటది. ఆ బడి తప్పిన కూన పెద్దగైనంక చేతులు కొరుకుతది. పేపర్లు ఉన్నయి అంటె అది ఏ జాతిదో, తల్లిదండ్రులు ఏవో చెప్పే కాయిదమే. పానం మంచిగున్నదని చెప్పే కాయిదం కాదు.

జాతి సంగతి కూడ చెప్త. 2003ల హచ్ ఫోన్ కంపెనీ టీవీల పిల్లగాని వెంట ఉరికే చిన్న కుక్కను చూపించింది. అప్పటినుంచి పగ్‌కు మనోళ్లు హచ్ కుక్క అనే పేరు పెట్టిండ్రు. ముద్దుగ ఉంటది, కాని దాని ముక్కు లోపటికి నొక్కుకపోయి ఊపిరి సరిగ ఆడదు. కుక్కకు మనలెక్క ఒంటినిండ చెమట పట్టదు, నాలుక బయటపెట్టి ఎగబోస్తనే ఒళ్లు సల్లవడుతది. ఊపిరే ఆడని కుక్కను నల్గొండ మే నెల ఎండల పెట్టి ఏం సుఖపెడతం? మంచుల బండి గుంజేటందుకు పుట్టిన హస్కీని రేకుల ఇంటి ముంగట కట్టేస్తె అది ప్రేమ కాదు.

మన ఎండకు తట్టుకునే దేశీ జాతులు లేవా? కర్ణాటక ముధోల్ కుక్క, తమిళనాడు రాజపాళయం, చిప్పిపారై ఉన్నయి. కర్నాల్‌ల ఉన్న జాతీయ పశు జన్యు వనరుల సంస్థ ఈ మూడింటిని జాతులుగ నమోదు చేసింది. ఆంధ్రల కొల్లేరు దిక్కు బాతుల మందలు కాసే జొనంగి ఉన్నది. అది మామూలు కుక్కలెక్క మొరగదు, విచిత్రంగ కూతపెడతది. కాని అన్నిటికన్న దగ్గరిది, పైసా ఖర్చు లేనిది మన వాడల పుట్టినదే. గొల్లకురుమల గొర్ల మంద కాడ రాత్రంత కాపలా ఉండేది ఏ జాతి కుక్క? ఊరకుక్కనే గదా. ఎవ్వరు ఏరుకోని ఆ ఆడకూనను తెచ్చుకో. ఆడది ఇల్లు కనిపెట్టుకొని ఉండుట్ల మగదానికి ఏం తీసిపోదు.

"ఈనుతది గదా అక్కా?" ఈనకుండ చెయ్యొచ్చు. ఆపరేషన్ చేయించు. మొదటిసారి ఎదకు రాకముందే చేయిస్తె చన్నుల కాడ గడ్డలు వచ్చుడు కూడ బాగ తగ్గుతది, పెద్దగైనంక గర్భసంచికి చీము పట్టే రోగం రాదు. ఒక్కసారన్న ఈనకపోతే పాపం అనే మాట నమ్మకు, దానికి అట్లాంటి కోరిక ఏం ఉండదు. మగకుక్కకు కూడ చేయించు. ఎదకొచ్చిన ఆడకుక్క కోసం గోడ దుంకి పోవుడు, కొట్లాడి గాయాలతోని వచ్చుడు తగ్గుతది.

మొదటి ఏడాది పనులు ఇవి, రాసి పెట్టుకో. ఆరు నుంచి ఎనిమిది వారాల నడుమ మొదటి సూది. మూడు నాలుగు వారాలకొకసారి మళ్ల, నాలుగు నెలలు నిండేదాక. ఈ సూది ఏయించకపోతే పార్వో వస్తది, నెత్తురు విరేచనాలు పట్టుకొని కూన రెండు మూడు రోజులల్లనే పోతది. మూడు నెలలకు రేబిస్ సూది, తర్వాత డాక్టరు చెప్పినట్లు ఏటేట. నట్టల మందు తప్పించొద్దు. గోమార్లు కనవడితే తెంపి పారేసి ఊకోకు, వాటితోని జొరం వస్తది, పశువుల దవాఖానల చూపియ్యి. బువ్వల ఇంత మజ్జిగ పోసి పెడితే సరిపోదు, వారానికి నాలుగుసార్లన్న గుడ్డో మాంసమో పడాలె. ఉల్లిగడ్డ, చాక్లెట్, ద్రాక్షపండ్లు, ఉడికిన కోడి బొక్కలు పెట్టకు. నీళ్ల గిన్నె నీడకు ఉండాలె. పొద్దంత గొలుసుకు కట్టేస్తె కుక్కకు కోపం ముదురుతది, అట్లాంటిదే ఒకనాడు తెంపుకొని పిల్లలను కరుస్తది.

కరిసిందనుకో, ఇంటి కుక్క అయినా సరే, గాయాన్ని సబ్బుతోని ధార నీళ్ల కింద 15 నిమిషాలు కడుగు. కారం, సున్నం, పసరు పెట్టొద్దు. కడుగంగనే సర్కారు దవాఖానకు పో. బొడ్డు చుట్టు 14 సూదులు అనే బుగులు వద్దు, ఆ కాలం పోయి 20 ఏండ్లు అయింది. ఇప్పుడు చేతికే: మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, 28వ రోజు. నెత్తురు వచ్చిన గాయమైతే గాయం చుట్టు ఇంకో మందు కూడ ఏస్తరు, అది అడుగు. రేబిస్ లక్షణాలు బయటపడినంక బతికించే మందు లేదు, అందుకే ఒక్క సూది కూడ తప్పొద్దు.

ఇగ ఊరి సంగతి. పొన్నకల్ లెక్క సంపుడు నేరం, దానితోని పని కూడ కాదు. ఒక వాడ కుక్కలను సంపితే ఖాళీ అయిన జాగల్లకు పక్కూరి కుక్కలు వస్తయి, అవి సూదులు లేనియి. 2023 జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధికుక్కలకు ఆపరేషన్, రేబిస్ సూది చేయించే బాధ్యత పంచాయతీ, మున్సిపాలిటీలదే. చేసినంక చెవికి గుర్తు పెట్టి, తెచ్చిన జాగలనే ఇడవాలె. బడులు, దవాఖానలు, బస్టాండ్ల కాడివి మాత్రం తీసి షెల్టర్లల పెట్టాలని 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు చెప్పింది. ఒక ఊర్ల నూటికి 70 కుక్కలకు సూది పడితే రేబిస్ ఆ ఊర్ల నిలవలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

ఈ పని మన మహిళా సంఘాలతోని అయితది. ఒక వాడకట్టుల ఎన్ని ఆడకుక్కలు ఉన్నయో, ఏది ఎప్పుడు ఈనిందో ఆడోళ్లకు తెలిసినంత సర్పంచుకు తెలువది. వచ్చే సంఘం మీటింగుల పొదుపు, అప్పు ముచ్చట అయినంక ఒక పేజీ తీసి ఆ ఆడకుక్కల లెక్క రాయండ్రి. ఆ కాయిదం గ్రామసభల పెట్టి, ఆపరేషన్లు ఎప్పుడు చేయిస్తరో పంచాయతీని అడగండ్రి. జూలై 6 జూనోసిస్ దినం, అంటె జంతువుల నుంచి మనుషులకు అంటుకునే రోగాల దినం; సెప్టెంబర్ 28 ప్రపంచ రేబిస్ దినం. ఆ రోజులల్ల పశువుల దవాఖానలల్ల కుక్కలకు ఉత్తగనే సూదులు ఏస్తరు. పశువుల డాక్టరును ముందే కలిసి, ఆ రోజు మన ఊర్లనే శిబిరం పెట్టుమని అడగండ్రి. అప్పటిదాక నీ గడప ముంగట ఈనిన కుక్క కూనలల్ల ఒక్క ఆడదాన్ని నువ్వు ఉంచుకో, ఇంకోదాన్ని తోటికోడలికి అంటగట్టు. కాదంటె నా పేరు చెప్పు, నేను మాట్లాడుత.