పెరట్లో కుక్కగొడుగు

మొన్నటి వానలకు కోలారులో మా ఇంటి పెరట్లో, గరిక మధ్య, సాసరంతేసి తెల్ల గొడుగులు ఏడు మొలిచాయి. పైన గోధుమరంగు పొలుసులు, కాడకి ఉంగరంలాంటి పట్టీ. పక్కింటి ఆంటీ కూరకి అడిగింది.

రంగు చూసి చెప్పడం కుదరదు, పొడి చూడాలి. గొడుగు అడుగు పొరల్లోంచి రాలే సిద్ధబీజాలే ఆ పొడి. కాడ తీసేసి, తలను తెల్లకాగితం మీద పెట్టి, గిన్నె మూసి రాత్రంతా ఉంచాను. పొద్దునకి ఆకుపచ్చ అచ్చు పడింది! అలాంటి పొడి చాలా అరుదు. ఇది క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్. తింటే కొన్ని గంటల్లోనే వాంతులు, విరేచనాలు. లేతప్పుడు పొరలు తెల్లగానే ఉంటాయి, జనం మోసపోయేది అక్కడే. అలాగని తెల్ల అచ్చు పడితే తినొచ్చనీ కాదు, ప్రాణం తీసే జాతుల్లోనూ పొడి తెల్లగా ఉంటుంది. ఉడికేటప్పుడు వెండి నాణెం నల్లబడకపోతే మంచిదన్న మాట అసలే నమ్మకండి.

పుట్ట మీద మొలిచేది పుట్టగొడుగు, ఆ పేరు సరే. ఇలాంటిది మనకి కుక్కగొడుగు. నాన్న కన్నడంలో నాయికొడె అంటారు, తమిళంలో నాయ్‌క్కుడై. మూడు భాషలూ ఈ గొడుగుని కుక్కకే ఎందుకిచ్చాయో మేడమ్ చెప్పాలి.

అచ్చు పడిన కాగితం కింద అతికించాను. చూడండి, గోకకండి.